దండ పడ్డ బొమ్మ

కంచం పోయినట్టే తిరిగి వచ్చింది.

పద్మలత దాన్ని వంటింటి గట్టు మీద పెట్టింది. అన్నం కదల్లేదు. పప్పు మీద పొర కట్టింది. నిన్న పొద్దున పేపరు వచ్చింది మొదలు అత్త సోమక్క గొంతులోకి మంచినీళ్లు తప్ప మరేమీ దిగలేదు.

"ఏమన్నది?" గుమ్మంలోంచి అడిగాడు భర్త భానుచందర్. కాజీపేట రైల్వే షెడ్డులో డ్యూటీ ఎక్కాల్సిన మనిషి. చొక్కా తొడిగాడు గానీ గుండీలు పెట్టుకోవడం మరిచిపోయాడు.

"నిన్న అన్నదే అన్నది."

"ఏమని?"

"దండ పడ్డదానికి బువ్వెందుకు అని."

భానుచందర్ వరండా వైపు చూశాడు. ఆయనకు అసలే మాట తక్కువ. మాట తక్కువ మనిషికి కోపం వస్తే ఇంట్లో మిగతావాళ్లకు ఊపిరాడదు. పద్మలతకు నిన్నటి నుంచీ అదే అవస్థ.

వరండాలో నులక మంచం మీద సోమక్క గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలో ఆమె మరిది కట్టయ్య. సంగతి తెలిసి నిన్ననే ఊరి నుంచి దిగాడు. పేపరు ఆయన చేయి దిగలేదు. గేటు దాటి ఎవరు లోపలికి వచ్చినా విప్పి చూపిస్తున్నాడు. పాలాయనకు కూడా చూపించాడు.

జిల్లా పేజీలో, రంగుల్లో, పెద్ద ఫోటో. సోమక్క బొమ్మ, బొమ్మ మెడలో బంతిపూల దండ, ముందు దీపం.

తప్పు ఎవరిదని వెతికితే ఎవరి మీదా నిలవదు. పద్మలత గీసిన ఆ బొమ్మ హన్మకొండలో చిత్రకారుల సంఘం ప్రదర్శనకు పెట్టినవాటిలోకల్లా పెద్దది. పెద్దది కాబట్టి హాలు నడిమి గోడకు తగిలించారు. నడిమి గోడ కాబట్టి దాని ముందే దీపస్తంభం నిలబెట్టారు. దండ మాత్రం కాలం చేసిన డ్రాయింగ్ మాస్టారి ఫోటో కోసం తెచ్చింది. ఆ ఫోటో ఫ్రేములవాడి దగ్గరే ఉండిపోయింది. ముఖ్య అతిథి ఆలస్యంగా వచ్చి తొందరగా పోవాల్సిన పెద్దమనిషి. దీపం వెలిగించాడు. ఎవరో చేతిలో దండ పెట్టారు. తలెత్తితే ఎదురుగా ముసలమ్మ ముఖం. మన దగ్గర దీపం వెనక ముసలి ముఖం కనిపిస్తే ఇంకో అర్థం లేదు కదా. వేసేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మరునాడు పేపర్లో అచ్చయింది.

సోమక్కకు చదువు రాదు. ఫోటో చూడటానికి చదువెందుకు?

బయట ఆటో ఆగింది.

"ఓ అక్కా... నన్ను ఆగం జేసి పోతివా అక్కా..."

గేటు పట్టుకుని కూలబడింది సమ్మమ్మ. సోమక్కకు సొంత చెల్లెలు. హసన్‌పర్తి అవతల ఊళ్లో ఉంటుంది. చంకలో కవరు, కవరులో కొత్త చీర. పోయిన ఆడమనిషి మీద కప్పడానికి తల్లిగారింటి వైపు వాళ్లు తెచ్చే చీర.

కట్టయ్య లేచాడు. పద్మలత లోపలి నుంచి పరుగెత్తుకొచ్చింది. ఇద్దరికన్నా ముందు మంచం మీది మనిషి ఇటు తిరిగింది.

"ఏందే సమ్మీ, గేటు మీద పడ్తానవ్? గొళ్లెం అసలే ఊడేటట్టున్నది."

సమ్మమ్మ ఏడుపు గొంతులో ఆగిపోయింది. తరువాత కెవ్వున అరిచింది. అరిచి, లేచి, వచ్చి, అక్క ముఖం రెండు చేతుల్తో తడిమి, మళ్లీ ఏడ్చింది.

"ఫోన్ల జూసిన్నే అక్కా! మా కోడలు సూపెట్టింది. దండేసి ఉన్నది, దీపం బెట్టి ఉన్నది. ఏమనుకోవాలె నేను?"

"అందరు గట్లనే అనుకుంటాండ్రు. నేను సుత గట్లనే అనుకుంటాన." సోమక్క కవరు లాక్కుని చీర బయటికి తీసింది. అంచు వేళ్ల మధ్య నలిపి చూసింది. "మంచిగనే ఉన్నది. నేను బతికుండంగ ఇసొంటిది ఒక్కటన్న తెచ్చినవానె?"

పద్మలతకు నవ్వొచ్చింది. నవ్వు వెంటే కళ్లలో నీళ్లూ తిరిగాయి. అత్త కూడా నవ్వితే ఈ గండం గడిచినట్టే అనుకుని ఆశగా చూసింది. సోమక్క నవ్వలేదు. చీర మడిచి తల కింద పెట్టుకుని మళ్లీ గోడవైపు తిరిగింది.

"జర ఇంత సల్ల తాగు అక్కా."

"ఒద్దు."

కట్టయ్య కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "సూసినవా బిడ్డా? ఇయ్యాల సమ్మమ్మ వచ్చింది. రేపు ఇంకొకలు వస్తరు. ఎంతమందికి చెప్తవ్, బతికే ఉన్నదని?"

"ఎంతమంది వస్తె అంతమందికి చెప్త చిన్నమామా," అంది పద్మలత.

"చెప్పుడుతోని పోదు. దేవుని పటం పలిగితె ఇంట్ల ఉంచుకుంటమా? తీస్కపోయి చెరువుల ఇడుస్తం. ఇది సుత గంతే. దండ పడ్డ బొమ్మ, మనిషి బతికుండంగ గోడకు ఉండొద్దు. నీళ్లల్ల కలపాలె. కలిపినంక వదినె తింటది."

"అత్తమ్మ అన్నదా గట్లని?"

"ఆమె అనాల్నా? పెద్దోళ్లం మేం లేమా?"

పద్మలత అత్త వీపు వైపు చూసింది. వీపు ఏమీ చెప్పలేదు. గిరుక్కున తిరిగి వంటింట్లోకి నడిచింది. భానుచందర్ వెనకే వచ్చాడు.

"కాక చెప్పిందాంట్ల తప్పేమున్నది?"

"నువ్వు సుత గదే అంటవా?"

"అవ్వ తింటలేదు లతా. షుగర్ గోలీ ఉత్త కడుపు మీద ఎట్లెయ్యాలె? ఎయ్యకుంటె ఎట్ల? ఇయ్యాలో రేపో దవాఖానల పడ్తది."

"నాకు ఫికర్ లేదనుకుంటానవా? రేపు ఒక్కరోజు ఆగు. హైదరాబాద్ నుంచి గ్యాలరీ వాళ్లు వస్తాండ్రు. ఢిల్లీల పెద్ద ఎగ్జిబిషన్ ఉన్నది, దానికి బొమ్మలు ఏరనీకి వస్తాండ్రు. గా బొమ్మ ఫోటో పంపితెనే వస్తమన్నరు. ఇన్నేండ్లల్ల నా బొమ్మ కోసం వరంగల్ దాంక ఎవలన్న వచ్చిండ్రా?"

"వేరేది సూపెట్టు."

"అసొంటిది వేరేది లేదు."

"మల్ల గియ్యి. చేతులు నీయే గద."

ఆ మాట పద్మలతకు కాలింది. పెళ్లయిన నాటి నుంచీ ఆ చేతులు గీయనిది లేదు. బడి గోడల మీద నాయకులు, కిరాణా షట్టర్ల మీద సబ్బు బిళ్లలు, పెళ్లి మంటపాల వెనక నెమళ్లు. ఫ్లెక్సీలు వచ్చి బోర్డుల పని మింగేశాక పిల్లలకు డ్రాయింగ్ ట్యూషన్లు. ఎవరో అడిగింది ఎవరికో నచ్చేట్టు గీసి గీసి, చివరికి ఒక్కటి తనకు నచ్చేట్టు గీసుకుంది. అత్త ముఖంలో ఆ ఎండ, ఆ కసురు, పెదవి చివర దాచుకున్న ఆ ఎగతాళి ఒక్కసారే కుదిరాయి. మళ్లీ గీస్తే వచ్చేది దాని నకలు.

"ఇదేమన్న కూరనా, మాడితె మల్ల వండనీకి?"

"గట్ల మాట్లాడకు."

"మరెట్ల మాట్లాడాలె? దండ నేనేసిన్నా?"

భానుచందర్ ఒక గుండీ పెట్టుకున్నాడు. భార్య ముఖంలోకి చూశాడు. ఏదో అడగబోయి ఆగినట్టు చూశాడు. పద్మలతే చూపు తిప్పుకుంది.

"రేపటిదాంక నేనాగుత," అన్నాడు. "అవ్వ ఆగుతదో లేదో నాకెరుకలేదు."

*

కాశిబుగ్గలో ఎల్లస్వామి ఇంటి వెనక గది పద్మలత స్టూడియో. ఒకప్పుడది మగ్గం గది. మగ్గం పోయి, నేతగాడు కాళ్లు పెట్టుకుని కూర్చునే గుంత మాత్రం నేలలో మిగిలింది. దాని మీద చెక్క పరిచి వాడుకుంటుంది. బొమ్మ గీసిన రోజుల్లో ఆ చెక్క తీయించింది సోమక్కే. కుర్చీ మీద కూర్చుంటే కాళ్లు వాస్తాయి, కింద కూర్చుంటే మోకాళ్లు మడవలేదు. గుంతలోకి కాళ్లు వేలాడేసి, "ఇది మంచిగున్నది, పొద్దుమూకులు కూసోమన్న కూసుంట," అంది. అందుకే బొమ్మలో మనిషి నడుము దాకానే ఉంటుంది. ఆ వాటం చూసే ముఖ్య అతిథికి చనిపోయినవాళ్ల ఫోటో గుర్తొచ్చి ఉంటుంది. ఆయన్ననీ ఏం లాభం!

తాళం తీయగానే ముక్కిపోయిన వాసన కొట్టింది. మొన్నటి వానకు వెనక గోడ మళ్లీ చెమ్మగిల్లింది. గోడకు ఆనించిన కాన్వాసులను ఒక్కొక్కటే కిటికీ వైపు తిప్పి చూసింది. రెండింటి వెనక తెల్లగా బూజు పట్టింది. చెరువు మీద పొద్దుగూకడం ఒకటి, అది ఈ ఊళ్లో గీయనివాళ్లు లేరు. పత్తి ఏరే ఆడవాళ్లు ఒకటి, బ్యాంకు క్యాలెండరుకు బాగుంటుంది. కాజీపేట ప్లాట్‌ఫారం మీద నిద్రపోతున్న కుటుంబం ఒకటి. ఇది మంచిదే అవుతుందని ఒకప్పుడు అనుకుంది. ఇవాళ చూస్తే నిద్రపోతున్నవాళ్లు కాదు, నిద్రపోయినట్టు పడుకున్నవాళ్లు.

అత్త బొమ్మ బదులు హాలులో ఏదైనా ఒకటి పెట్టి, దాన్ని ఇంటికి తెచ్చేద్దామని ఒక మనసుతో వచ్చింది. ఆ మనసు విరిగిపోయింది. నేల మీద చతికిలబడి తిట్టుకుంది. ఎవరినని తెలియకుండానే తిట్టుకుంది.

గుమ్మంలో ఎల్లస్వామి దగ్గాడు. ముఖం దిగులుగా పెట్టుకున్నాడు.

"ఎంత పనాయె బిడ్డా. మంచిగుండె గద అమ్మ, ఈడ కూసోని నాతోని ఎన్ని ముచ్చట్లు చెప్పేది. దినాలు ఎప్పుడు చేస్తాండ్రు?"

"మా అత్తమ్మ బతికే ఉన్నది మామా."

ఎల్లస్వామి నోరు తెరిచాడు. ఆయనకు సంబరపడాలో సిగ్గుపడాలో తెలియలేదు. "అయ్యో తల్లీ! మా ఇంటామె పేపర్‌కు దండం సుత పెట్టె. మాకేం ఎరుక? దండేసిన ఫోటో చూసి, ఏమో తప్పు పడ్డదేమో అని ముందుగాల నేనే అన్న. మల్ల జూస్తె పక్కన నువ్వున్నవ్. చేతులు జోడించి నిలవడి ఉన్నవ్. కోడలే ఉన్నదంటె నిజమే కావచ్చు అనుకున్నం."

ఆయన పోయాక పద్మలత ఫోన్ తీసి ఆ ఫోటో చూసింది. నిన్నటి నుంచి అందరూ చూశారు, తనే సరిగ్గా చూడలేదు. బొమ్మ చూసింది, దండ చూసింది, పక్కనున్న మనిషిని దాటేసింది. ఇప్పుడు వేళ్లతో పెద్దది చేసి చూసింది. పట్టుచీర కట్టుకున్న పద్మలత. చేతులు జోడించిన పద్మలత. నవ్వుతున్న పద్మలత.

దండ పైకి లేవడం ఆమె చూసింది. అది అబద్ధం కాదు. "సార్, ఆమె బతికే ఉన్నది," అనే మాట నాలుక మీదకు వచ్చింది కూడా. అప్పుడే కెమెరాలు ఎత్తారు. "మేడమ్, జర ఇటు చూడండి," అని ఎవరో పిలిచారు. ఇన్నేళ్ల పనిలో ఎవరూ ఆమెను మేడమ్ అనలేదు. ఇటు చూసింది.

*

హాలులో సంఘం అధ్యక్షుడు రాజేశ్వర్ రావు బల్ల వెనక టీ తాగుతున్నాడు. రిటైరైన డ్రాయింగ్ టీచరు. పద్మలతను చూడగానే లేచాడు.

"రా అమ్మా. హైదరాబాద్ వాళ్లు ఫోన్ చేసిండ్రు. రేపు పొద్దున్నే వస్తాండ్రట. మొట్టమొదలు నీ బొమ్మే చూస్తరట."

"సార్, పేపర్లో తప్పు పడ్డదని మీరు ఒక మాట చెప్పాలె. మా ఇంటికి ఏడ్సుకుంట వస్తాండ్రు."

"చెప్పిన గద! చిన్నగ వేస్తమన్నరు. దండ సుత తీసేయించిన."

"మా అత్తమ్మ తింటలేదు సార్."

రాజేశ్వర్ రావు గ్లాసు కింద పెట్టాడు. "నేను కాదంటలేను అమ్మా. తప్పు జరిగింది. నేను దండ పళ్లెం పక్కనే ఉండాల్సింది, లేను. కానీ నువ్వు ఉన్నవ్. ఒక్క మాటంటే ఆగిపోయేది. నువ్వు ఊకున్నవంటే, ఏదో నీకు ఇష్టమే అనుకున్నరు అందరు."

పొద్దున్నుంచి ఇది రెండోసారి వినడం. పద్మలత నడిమి గోడ దగ్గరికి నడిచింది.

సోమక్క ఆమెను చూస్తోంది. ఎంత దూరం నుంచి చూసినా కసురుకోబోతున్నట్టే ఉంటుంది ఆ చూపు. దగ్గరికి పోతే, ముందు కసురుకుని తరువాత బువ్వ పెడుతుందని తెలుస్తుంది. అది పట్టుకోవడానికే చలికాలం అంతా పట్టింది. నూనె రంగు. పైకి ఆరినట్టుంటుంది గానీ లోపల ఇంకా పచ్చిగానే ఉంది. బంతిరేకులు నాలుగైదు మెడ దగ్గర రంగుకు అంటుకుని ఎండిపోయాయి. గోటితో ఒకటి లాగింది. రేకుతో పాటు రంగు పొర లేచి వచ్చింది. మిగతావి ముట్టుకోలేదు.

"దించి ఇంటికి తీస్కపోమంటాండ్రు మా వాళ్లు," అంది వెనక్కి తిరగకుండా.

"రేపు ఒక్కరోజు అమ్మా! ఇసొంటి బొమ్మ మన సంఘంల ఎవ్వలం గియ్యలే. నేను గియ్యలే. రేపు గోడ ఖాళీగుంటె నేనేం చెప్పాలె? మల్ల మనూరికి ఎవరస్తరు?" ఆయన గొంతు తగ్గించాడు. "మీ ఇంటోళ్లు ఈడికి వచ్చి గొడవ చేస్తరా ఏంది?"

"రారు సార్. మా ఆయన రేపటిదాంక ఆగుతనన్నడు."

అంతకన్నా ఏమైనా చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. ఆటో ఎక్కాక దారి పొడవునా అదే మథన. తీసుకెళ్తే బతుకులో ఒక్కసారి తలుపు తట్టిన అదృష్టం పోతుంది. ఉంచితే అత్త. ఫాతిమానగర్ దగ్గర ట్రాఫిక్‌లో ఆటో ఆగితే, ఆగినందుకు ఆటోవాడి మీద కసిరింది. పాపం వాడేం చేస్తాడు, ముందు బస్సుంది.

*

ఇంటికి వచ్చేసరికి ఎండ వాలింది. వరండాలో కట్టయ్య కుర్చీ ఖాళీగా ఉంది. సమ్మమ్మ వంటింట్లో గిన్నెలు తోముతోంది.

"చిన్నమామ ఏడి?"

"ఏమో బిడ్డా, నీ మొగడొచ్చిండు, ఇద్దరు ఎటో పోయిండ్రు."

భర్త డ్యూటీ దిగాక ఇద్దరూ మందుల దుకాణానికి పోయి ఉంటారనుకుంది. బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టి, వచ్చి, మంచం పక్కన నేల మీద కూర్చుంది.

"అత్తమ్మా."

"ఊఁ."

"ఒక్క ముద్ద తిను."

"కట్టయ్య చెప్పలేదా? బొమ్మ నీళ్లల్ల కలిపినంక తింటనంట."

"గట్ల నువ్వన్నవా?"

"నేనెందుకంట? నా బొమ్మ నీళ్లల్ల ఏస్తె నాకేమొస్తది? నాన్తది."

"మరెందుకు తింటలెవ్వు?"

సోమక్క మెల్లగా లేచి కూర్చుంది. కొంగు సర్దుకుంది. రెండు రోజుల్లోనే బుగ్గలు లోపలికి పోయాయి. కోడలి ముఖంలోకి చాలాసేపు చూసింది. హాలు గోడ మీది బొమ్మలో ఉన్న ఆ చూపే.

"గా దండేసినాయిన ఎవలో నాకెరుకలేదు. ఆయినకు నేనెరుకలేదు. ఎరుకలేనోడు ఏసిండు, పోనీ. నువ్వు పక్కన్నే ఉన్నవ్ గదనే. నవ్వుతానవ్. ఆనాడు పొద్దుగాల నేనే నీకు చాయ్ పోసిచ్చిన. నా చేతి చాయ్ తాగి పోయినవ్. గంటల్నే నేను సచ్చిపోయిన్నా?"

పద్మలత తల దించుకుంది. పొద్దున్నుంచి ఎవరికి చెప్పుకోవాలో తెలియని మాట ఇదే. అబద్ధం చెప్పొచ్చు. చూడలేదని చెప్పొచ్చు.

"చూసిన అత్తమ్మా. ఆపుదామనుకున్న. ఫోటోలు తీస్తాండ్రు. ఆపితె ఫోటో పోతదనుకున్న."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. సమ్మమ్మ వింటోందని ఇద్దరికీ తెలుసు.

"ఇంకొకటి అడుగుత. నిజం చెప్పు. ఆనాడు నన్నెందుకు తోల్కపోలే?"

"మెట్లున్నయ్ అత్తమ్మా, మోకాళ్లు..."

"మెట్లు!" సోమక్క గొంతు లేచింది. "మగ్గం గుంతల దిగి కూసున్నదాన్ని మెట్లెక్కలేనా? నేనాడ ఓ పక్కకు కూసుంటె ఎవ్వడన్న దండేస్తుండెనా?"

అవును. అంత చిన్న సంగతి ఎవరికీ తట్టలేదు. కట్టయ్యకు తట్టలేదు, రాజేశ్వర్ రావుకు తట్టలేదు. ముసలావిడ హాలులో ఒక మూల కుర్చీ వేసుకుని కూర్చుని ఉంటే దండ పళ్లెంలోనే ఉండేది.

"సిగ్గైంది అత్తమ్మా." పద్మలత తల ఎత్తలేదు. "పెద్ద పెద్దోళ్లు వస్తరని. నువ్వు తంబాకు నములుకుంట, గట్టిగ మాట్లాడుకుంట..."

"బొమ్మల ఉంటె మంచిగున్న. మనిషిని ఉంటె సిగ్గాయె నీకు."

పద్మలతకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. అత్త మంచం పట్టె మీద తల ఆనించి చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. సోమక్క ఓదార్చలేదు. పొమ్మనీ అనలేదు. గోడ మీద బల్లిని చూస్తూ కూర్చుంది.

"గా హైదరాబాదోళ్లు రేపే గద వచ్చుడు?" అంది చివరికి.

"వద్దు అత్తమ్మా. దించుకొస్త. ఇప్పుడే పోయి దించుకొస్త. చిన్నమామ ఎట్లంటె గట్లనే."

"కట్టయ్య ఎవడే నా బొమ్మను నీళ్లల్ల ఏసెటోడు? నన్నడిగిండా? చలికాలమంత గుంతల కూసున్నది ఆయిన్నా నేనా?" కసురు పూర్తిగా తిరిగి వచ్చింది. "రేపు నన్ను తోల్కపో. వాళ్లు వచ్చేటాళ్లకే తోల్కపో. బొమ్మ పక్కన కుర్చేస్కోని కూసుంట. సూసెటోళ్లు ఇద్దర్ని సూడని. ఊరందరు సూసిండ్రు, నేనొక్కదాన్నే ఇంక సూడలే నన్ను."

పద్మలత కళ్లు తుడుచుకుని చూసింది. నమ్మబుద్ధి కాలేదు.

"సమ్మి తెచ్చిన చీరె కట్టుకుంట. ఎట్లన్న కొనె, పాడుజేసుడెందుకు?"

"అక్కా, గది కట్టొద్దే!" వంటింట్లోంచి సమ్మమ్మ కేక.

"నోర్ముయ్యే. బువ్వ ఉడికిందా చూడు."

ఆ ఒక్క మాటతో ఇంటికి ప్రాణం వచ్చింది. పద్మలత లేచి పరుగెత్తింది. ఉడికీ ఉడకని అన్నం దించింది. పచ్చిపులుసు కలిపింది, ఉల్లిగడ్డ చిదిపి వేసింది, తొందరలో ఉప్పు రెండుసార్లు వేసింది. రేపు ఏ ఆటో మాట్లాడాలి, అత్తను ఎక్కడ కూర్చోబెట్టాలి, కిటికీ వెలుగు ఇద్దరి మీదా పడాలంటే కుర్చీ ఏ పక్కన వేయాలి అని ఆలోచిస్తోంది. బొమ్మా ఉంది, అత్తా ఉంది. ఇంతకన్నా ఏం కావాలి? కంచం తెచ్చి మంచం మీద పెట్టింది.

"ఉప్పెక్కువైంది కావచ్చు అత్తమ్మా."

"తిననిస్తవా?"

సోమక్క ముద్ద కలిపింది. ఫోన్ మోగింది. రాజేశ్వర్ రావు.

"అమ్మా లతా," ఆయన గొంతు ఎప్పుడూ పెద్దదే, వరండా అంతా వినిపించింది. "మీ ఆయన వచ్చి బొమ్మ దించుకపోయిండు, వెంట ఎవరో పెద్దాయన ఉండె. నువ్వే పంపినవంటే ఇచ్చేసిన. ఆటో మీద కట్టుకోని పోయిండ్రు. రేపు పొద్దున వరకు మల్ల తెస్తరు గద?"

"ఎప్పుడు సార్? ఎప్పుడు పోయిండ్రు?"

"గంట దాటింది అమ్మా. ఏం, నీకెరుకలేదా?"

పద్మలత ఫోన్ పెట్టేసి భర్తకు చేసింది. మోగింది, మోగి ఆగిపోయింది. మళ్లీ చేసింది. స్విచాఫ్ అంది. రేపటిదాంక ఆగుతనన్న మనిషి. తల్లి ఆకలి చూడలేక ఆగలేదు. ఆ కోపమైనా పూర్తిగా రావడం లేదు ఆమెకు, ఎందుకంటే ఆ మనిషి ఎందుకు పోయాడో ఆమెకు తెలుసు.

వెనక్కి తిరిగింది.

సోమక్క ముద్దను కంచంలో పెట్టేసింది. ఒక కాలు మంచం దించింది, రెండోది దించింది. కోడలి భుజం గట్టిగా పట్టుకుని నిలబడింది.

"లతా, నన్ను ఏ చెరువుకు తీస్కపోయిండ్రే?"